పాత లారీ గేరు బాక్సును విప్పి చూచుట – యజమాని తెలిసికొనవలసిన సంగతులు

గుడిబండ, రొళ్ల, అమరాపురము, మడకశిర ప్రాంతముల రైతులకు పంట పండించుట ఒక పని, పండిన పంటను సకాలమున అంగడికి చేర్చుట మరొక పని. వేరుశనగ, చింతపండు, పోక, కూరగాయలు, పట్టుగూళ్లు – ఇవన్నియు హిందూపురమునకో, పొరుగుననున్న కర్ణాటక పట్టణములకో చేరవలెను. చింతపండు నాలుగు రోజులు ఆలస్యమైనను చెడదు. పట్టుగూళ్ల సంగతి అట్లు కాదు. పురుగు గూడు అల్లనారంభించిన 5, 6 రోజులకు గూళ్లను ఏరి అమ్మకమునకు పంపవలెను. ఆలసించినచో లోపలి పురుగు రెక్కల పురుగై గూటిని తొలుచుకొని బయటికి వచ్చును; ఆ గూటినుండి తెగని దారము తీయుటకు వీలుండదు. అట్టి సరుకుతో బయలుదేరిన లారీ నడిదారిలో గేరు పడక నిలిచిపోయినచో నష్టము ఆ లారీ యజమానికి మాత్రమే కాదు.

క్రొత్త లారీ కొనుట అందరికిని సాధ్యము కాదు. కావున కొందరు రైతులు సొంతముగనో, నలుగురు కలిసియో పాత లారీని కొని నడుపుకొందురు. కొనునప్పుడు రంగు చూతురు, టైర్లు చూతురు, ఇంజను శబ్దము విందురు. గేరు బాక్సు క్రింద, మట్టి పట్టి, కంటికి కనబడక యుండును. "పైన పటారము, లోన లొటారము" అను సామెత దీనికే చెప్పినట్లుండును. అది పాడైన పిమ్మట మెకానిక్కు చెప్పిన మొత్తమును కిమ్మనక చెల్లించుట తప్ప యజమానికి వేరు దారి తోచదు.

ఆ స్థితి మీకు రాకుండుటకు మీరు మెకానిక్కు కానక్కరలేదు. పెట్టెను విప్పునప్పుడు దగ్గర నిలిచి, ఏమి చూడవలెనో తెలిసి చూచిన చాలును. ముఖ్యముగ ఒక్క మాట మనసున నుంచుకొనవలెను: అరిగిన ప్రతి భాగమునకును ఒక కారణముండును. ఆ కారణమును కనుగొనక భాగమును మాత్రము మార్చినచో, నేడు పెట్టిన డబ్బు కొలది మాసములలో మరల పెట్టవలసి వచ్చును.

గేరు బాక్సు చేయు పని

డీజిలు ఇంజను కొంత వేగపు పరిధిలోనే గట్టిగ లాగగలదు. నిండు బరువుతో కదలుటకు, మిట్ట నెక్కుటకు చక్రముల వద్ద ఎక్కువ లాగుడు శక్తి కావలెను. చదును రోడ్డు మీద వేగము కావలెను. ఈ మార్పును పళ్ల చక్రములు, అనగా గేర్లు చేయును. 20 పళ్ల గేరు 40 పళ్ల గేరును త్రిప్పినచో వేగము సగమగును, త్రిప్పు బలము ఇంచుమించు రెట్టింపగును.

పెట్టెలో ముఖ్యముగ మూడు షాఫ్టులుండును. క్లచ్ నుండి వచ్చునది మొదటిది. దాని గేరుతో ఎల్లప్పుడు కలిసి తిరుగుచు క్రింది భాగమున నుండునది లే షాఫ్టు. వెనుకకు శక్తిని పంపునది మెయిన్ షాఫ్టు. ఇవి గాక వెనుక గేరుకు ఒక చిన్న షాఫ్టుండును. టాప్ గేరు నేరుగా నుండు పెట్టెలలో ఆ గేరు వేసినప్పుడు శక్తి మొదటి షాఫ్టు నుండి సూటిగ మెయిన్ షాఫ్టునకు పోవును. తక్కిన గేర్లలో లే షాఫ్టు మీదుగ పోవును. శబ్దమును బట్టి లోపమును గుర్తించుటకు ఈ సంగతి ఎంతయు ఉపకరించును.

తొలినాటి మోటారు బండ్లలో గేర్లనే జరిపి ఒకదానితో నొకటి కలుపుచుండిరి. పళ్లు గరగరలాడెడివి. తరువాత గేర్లు ఎల్లప్పుడు కలిసియే యుండి, ప్రక్కనున్న చిన్న పళ్ల ద్వారా షాఫ్టుతో ముడిపడు పద్ధతి వచ్చినది. ఈ చిన్న పళ్లను మెకానిక్కులు డాగ్ పళ్లు అందురు. 1928లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీ వారు సింక్రోమెష్ పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఇందు ఒక రింగు గేరుకు రాచుకొని, ముందుగ వేగములను సమము చేసి, పిమ్మట పళ్లను కలియనిచ్చును. మన దేశమున 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడీజ్-బెంజ్ లారీల తయారీ మొదలైనది. ఆ ఒప్పందము 1969లో ముగిసినది. మద్రాసు చెంత ఎన్నూరులో అశోక్ లేలాండ్ లారీలు తయారగుచు వచ్చినవి. ఏ కంపెనీది, ఏ సంవత్సరపుది అనుదానిని బట్టి పెట్టె లోపలి ఏర్పాటు మారును. కావున మీ లారీ మోడలుకు చెందిన మాన్యువల్ సంపాదించుకొనుట మొదటి పని.

విప్పుటకు ముందు వినుడు

లారీని చదును నేల మీద నిలిపి, ఇంజను నడుపుచు, గేరు న్యూట్రల్‌లో నుంచి చెవి యొగ్గి వినుడు. క్లచ్ పెడలు వదలినప్పుడు శబ్దము వచ్చి, నొక్కగానే ఆగినచో మొదటి షాఫ్టు బేరింగునో, లే షాఫ్టు బేరింగులనో అనుమానింపవలెను. పెడలు నొక్కినప్పుడే శబ్దము వచ్చినచో అది క్లచ్ రిలీజ్ బేరింగు కావచ్చును. దానికై గేరు బాక్సును పూర్తిగ విప్పనక్కరలేదు.

పిదప కొంతదూరము నడిపి చూడుడు. నేరుగా నుండు టాప్ గేరులో నిశ్శబ్దముగ నుండి తక్కిన అన్ని గేర్లలో మ్రోగినచో లే షాఫ్టు వైపు చూడవలెను. ఒక్క గేరులోనే మ్రోగినచో ఆ జత గేర్లను చూడవలెను. గేరు పడునప్పుడు గరగరలాడినచో ముందుగ క్లచ్ పూర్తిగ విడుచుచున్నదా యని పరీక్షింపుడు. క్లచ్ లోపమునకు గేరు బాక్సును విప్పించి ఖర్చుపడుట వృథా. వేసిన గేరు తనంతట తానే జారి న్యూట్రల్‌లోనికి వచ్చుచున్నచో ఆ లారీకి బరువెత్తవద్దు. దీని ప్రమాదమును ముందు చెప్పుదుము.

దింపుట

ఈ పెట్టె బరువు సాధారణముగ వంద కిలోలకు పైబడి యుండును. చక్రములకు ముందు వెనుకల అడ్డుదిమ్మెలు పెట్టి, బ్యాటరీ తీగను విప్పవలెను. లారీని ఎత్తవలసి వచ్చినచో జాకీ నొక్కదానిని నమ్మి క్రిందికి దూరరాదు; గట్టి స్టాండ్లు తప్పక నుంచవలెను. ప్రొపెల్లర్ షాఫ్టును విప్పుటకు ముందు రెండు ఫ్లాంజిల మీద సుద్దతోనో ఉలితోనో ఒకే గీత గీయుడు. తిరిగి బిగించునప్పుడు గీతలు కలియవలెను. లేనిచో అదురు పుట్టవచ్చును.

పెట్టెను వెనుకకు లాగునప్పుడు దాని బరువు మొదటి షాఫ్టు మీద వ్రేలాడరాదు. ఆ షాఫ్టు కొన ఇంకను క్లచ్ ప్లేటులో నుండును. బరువు దాని మీద పడినచో ప్లేటు వంగును. పెట్టెను బాగుచేసిన పిమ్మట క్లచ్ సరిగ విడువకుండుటకు ఇది యొక కారణము. ఆ బరువును జాకీ మీదనో, గొలుసు కప్పీ మీదనో కడవరకు నిలుపవలెను.

నూనె చెప్పు సాక్ష్యము

పెట్టె వెచ్చగ నుండగనే నూనెను శుభ్రమైన పళ్లెములోనికి దింపుడు. దానిని వెంటనే పారబోయనీయవద్దు. ముందు కొలిచి చూడుడు. ఉండవలసిన దానికంటె చాల తక్కువ యున్నచో లోపలి అరుగుదలకు కారణము సగము దొరికినట్లే. మాడు వాసనతో నల్లబడిన నూనె, పెట్టె మితిమీరి వేడెక్కినదని తెలుపును. పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని అర్థము.

తరువాత నూనె దింపు బిరడాను చూడుడు. అయస్కాంతము గల బిరడాకు బూడిద రంగు మెత్తని పేస్టు కొద్దిగ అంటియుండుట సహజము. రేకుల వంటి ముక్కలు, సూదుల వంటి ముక్కలు, విరిగిన పంటి తునకలు సహజము కావు. నూనెను పలుచని గుడ్డలో వడబోసినప్పుడు పసుపుపచ్చని మెరుపు పొడి కనబడినచో, కంచు రింగులో వాషర్లో అరుగుచున్నవి. అయస్కాంతము కంచును పట్టదు గనుక వడబోత తప్పనిసరి.

విప్పు పద్ధతి

మూత తీయకముందే పెట్టె వెలుపలి మట్టిని కడిగి ఆరబెట్టుడు. కడుగుటకు కిరసనాయిలో డీజిలో చాలును, పెట్రోలు వాడవద్దు. దగ్గర బీడీ, దీపము ఉండరాదు.

గేరును న్యూట్రల్‌లో నుంచి పై మూతను ఎత్తవలెను. సెలక్టర్ రాడ్లను ఊడదీయునప్పుడు చిన్న స్ప్రింగులు, గుండ్లు ఎగిరిపడును. గుడ్డ కప్పి తీయుడు. ప్రతి మెట్టునను సెల్‌ఫోనుతో ఒక ఫోటో తీసికొన్నచో తిరిగి కూర్చునప్పుడు తికమక యుండదు. తీసిన భాగములను గోనెపట్టా మీద పరచవద్దు, దాని పీచు బేరింగులలో చేరును. శుభ్రమైన పలక మీద గుడ్డ పరచి, తీసిన వరుసలోనే పెట్టుడు. షిమ్ములు కాగితమువలె పలుచగ నుండి కేవలము రేకు ముక్కలుగ తోచును గాని, బేరింగుల బిగువు వాని మీదనే ఆధారపడియుండును. ఏ వైపువి ఆ వైపునకు తీగతో కట్టి గుర్తు వేయుడు.

షాఫ్టులను ఊడదీయకముందే వాని ముందు వెనుకల ఆటను ఫీలర్ గేజితో కొలిచి వ్రాసికొనుడు. ఊడదీసిన పిమ్మట ఆ సాక్ష్యము మరల దొరకదు. షాఫ్టు కొన మీద ఉక్కు సుత్తితో కొట్టనీయవద్దు; ఇత్తడి కడ్డీ అడ్డుపెట్టి కొట్టవలెను. బేరింగులను పుల్లరుతో లాగవలెను. కొట్టునప్పుడు ఉక్కు రవ్వలు కంటిలో పడకుండ అద్దములు ధరింపవలెను.

ఒక్కొక్క భాగమును చూచుట

గేర్ల పళ్లు: పంటి నిడివి యంతయు సమముగ మెరయుచున్నచో మంచిది. ఒక అంచున మాత్రమే మెరుపున్నచో షాఫ్టు ఒరిగి తిరుగుచున్నదని, బేరింగు అరిగినదని గ్రహింపుడు. పంటి మీద మశూచి మచ్చల వంటి గుంటలు, పెచ్చులు లేచుట, చీలిక కనబడినచో ఆ గేరును మరల వాడరాదు. నీలి రంగు తిరిగిన గేరు నూనె లేక కాగినది. గేర్లను జతగ మార్చుట మేలు. అరిగిన పంటితో కలిసిన క్రొత్త పన్ను త్వరగ చెడును.

డాగ్ పళ్లు: వీని కొనలు గుండ్రబడి, ప్రక్కలు వాలుగ అరిగినచో బరువు పడగనే గేరు జారిపోవును. బరువుతో లారీ పల్లమునకు దిగుచుండగ గేరు జారినచో ఇంజను పట్టు ఒక్కసారిగ తప్పును. భారమంతయు బ్రేకుల మీద పడును. బ్రేకులు కాగి పట్టు సడలును. లారీ మీద కూలీలు, రోడ్డు మీద జనము, ఎద్దుబండ్లు ఉండును. ఇది డబ్బు నష్టముతో పోవు సంగతి కాదు. అరిగిన పళ్లను ఆకురాయితో రాచి పదును చేయుట, వెల్డింగు పెట్టి పన్ను పెంచుట అంగీకరింపవద్దు. పంటి పైపొర మాత్రమే గట్టిపరచబడియుండును. అది పోయిన పిమ్మట లోపలి మెత్తని ఉక్కు నిలువదు.

జారుటకు డాగ్ పళ్లే కారణమని వెంటనే నిర్ణయింపరాదు. సెలక్టర్ ఫోర్కు వంగినదా, దాని కొనలు అరిగినవా, గుండును నొక్కు స్ప్రింగు చచ్చినదా, పెట్టెను పట్టు మౌంటింగు వదులైనదా – ఈ నాలుగింటిని చూడవలెను. వంగిన ఫోర్కును అట్లే యుంచి క్రొత్త గేరు వేసినచో, ఆ గేరు సగమే కలిసి, దాని పళ్లును అదే విధముగ అరుగును.

సింక్రో రింగులు: రింగును దాని గేరు మీద చేతితో నొక్కి త్రిప్పి చూడుడు, పట్టుకొనవలెను. జారుచున్నచో లోపలి సన్నని గీతలు అరిగిపోయినవి. నొక్కి పట్టి, రింగుకును గేరు ముఖమునకును నడుమ గల సందును రెండు మూడు చోట్ల ఫీలర్ గేజితో కొలిచి మాన్యువల్‌లోని కొలతతో పోల్చుడు.

బేరింగులు: కడిగి ఆరబెట్టి, రెండు చుక్కల నూనె వేసి చేతితో మెల్లగ త్రిప్పుడు. గరుకు తగిలినను, గుంటలు, నీలిరంగు కనబడినను, గుండ్లను పట్టు చట్రము వదులైనను మార్చవలెను. గాలి పంపుతో గిరగిర త్రిప్పుట ప్రమాదము. పెట్టెలో బేరింగు కూర్చుండు రంధ్రమును గూడ చూడుడు. అది అద్దమువలె మెరయుచున్నచో బేరింగు వెలుపలి చట్రమే తిరుగుచున్నది. అట్టి పెట్టెలో ఎన్ని క్రొత్త బేరింగులు వేసినను నిలువవు.

పెట్టె గోడలు: మౌంటింగు చెవుల వద్ద, బేరింగు రంధ్రముల చుట్టును చీలికలుండవచ్చును. వీనిని కనుగొనుటకు ఖర్చులేని ఉపాయమున్నది. అనుమానమున్న చోట కిరసనాయిలు పూసి, కొంతసేపటికి బాగుగ తుడిచి, సుద్దపొడి చల్లుడు. చీలికలో దాగిన కిరసనాయిలు పైకి ఊరి సుద్ద మీద గీతవలె తడి తేలును.

కారణమును కనుగొనుట

భాగములన్నియు బల్ల మీద నున్నప్పుడే ఈ ప్రశ్నలు వేయవలెను.

ఆయిలు సీలు మాటిమాటికి కారుచున్నదా? పెట్టె పైనుండు గాలి రంధ్రమును చూడుడు. అది మట్టితో మూసికొనిపోయినచో వేడికి లోపలి గాలి ఉబ్బి నూనెను సీలు గుండ బయటికి నెట్టును. చిన్న తీగతో రంధ్రమును శుభ్రము చేసినచో తీరు లోపమునకు ఏటేట సీళ్లు మార్చుట ఎందులకు? అది బాగుగ నున్నచో సీలు ఆనుకొను షాఫ్టు మీద గాడి పడినదేమో వ్రేలి గోటితో తడిమి చూడుడు.

లే షాఫ్టు బాగుగనే యుండి మెయిన్ షాఫ్టు బేరింగులు, బుష్షులు మాత్రము కాలినవా? లారీని ఎప్పుడైన త్రాడు కట్టి దూరము లాగించిరేమో డ్రైవరును అడుగుడు. సాధారణముగ ఈ పెట్టెలో లే షాఫ్టు గేర్లు తిరిగి నూనెను చిమ్ముటవలననే పై భాగములకు నూనె అందును. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో నుంచి లారీని లాగినచో చక్రములు మెయిన్ షాఫ్టును త్రిప్పును గాని లే షాఫ్టు కదలదు; నూనె పైకి చేరదు. దూరము లాగవలసినచో ప్రొపెల్లర్ షాఫ్టును విప్పియే లాగవలెను. డీజిలు ఆదా యని ఇంజను ఆపి పల్లమున వదలుట వలనను ఇదే హాని కలుగును. దానికి తోడు బ్రేకులకు గాలి తరుగును.

కంచు రింగులు అకాలమున అరిగినవా? ఏ నూనె పోసిరో కనుగొనుడు. గేరు నూనె డబ్బాల మీద జి.ఎల్. 4, జి.ఎల్. 5 అని గుర్తులుండును. వెనుక యాక్సిలుకు వాడు జి.ఎల్. 5 రకపు నూనెలలో కొన్నిటి యందలి రసాయనములు కంచు, ఇత్తడి భాగములకు హాని చేయవచ్చును. మాన్యువల్ ఏ రకము చెప్పునో దానినే పోయవలెను. చిక్కని నూనె పోసినచో పాత పెట్టె శబ్దము కొన్నాళ్లు అణగును. పాత లారీ అమ్మువారిలో కొందరి యుక్తి ఇదే. కావున కొనునప్పుడు నూనెను కూడ చూడుడు.

ఖర్చు నిర్ణయించుట

పెట్టెను విప్పిన పిమ్మట ఆయిలు సీళ్లు, ప్యాకింగులు, లాకు వాషర్లు, సర్క్లిప్పులు క్రొత్తవే వేయవలెను. వీని వెల తక్కువ. పాతవి వేసినచో పని చెడును. బేరింగులు, రింగులు, గేర్లు చూచి నిర్ణయింపవలెను. మార్చవలసిన వాని జాబితాను, ప్రతిదాని ఎదుట కారణమును మెకానిక్కుచే వ్రాయించుకొనుడు. మంచి మెకానిక్కు దీనికి నొచ్చుకొనడు. మార్చిన పాత భాగములను అడిగి తీసికొనుడు.

పెట్టె గోడ చీలి, బేరింగు రంధ్రములు వదులై, రెండు మూడు జతల గేర్లు చెడినచో బాగుచేయించు ఖర్చును, పరీక్షించిన మరొక పెట్టె వెలను ప్రక్కప్రక్కన వ్రాసి పోల్చుడు. అప్పు తెచ్చి బాగుచేయించుటకు ముందు ఈ లెక్క తప్పనిసరి.

తిరిగి కూర్చుట

ప్రతి భాగమునకు నూనె రాచి, షిమ్ములను వాని చోటనే వేసి, బోల్టులను మాన్యువల్ చెప్పిన బిగువుకు బిగింపవలెను. మూత వేసిన పిమ్మట అన్ని గేర్లను చేతితో వేసి తీసి చూడుడు. ఒకేసారి రెండు గేర్లు పడరాదు. నూనెను ప్రక్కనుండు లెవెల్ బిరడా అంచు వరకు పోయుడు. అంతకు మించినచో నురుగు పట్టి వేడెక్కును. మొదట బరువు లేక కొంతదూరము నడిపి, నూనె కారుచున్నదేమో, బేరింగుల చోట చేయి పెట్టలేనంత వేడి పుట్టుచున్నదేమో చూడవలెను.

నేర్చుకొనుటకు అవకాశము

ట్రాక్టరు గేరు బాక్సునకును మూల సూత్రము లివియే. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వము 1983లో నెలకొల్పిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. ట్రాక్టర్లు, వ్యవసాయ యంత్రములు నడుపుట, వాని పోషణ, మరమ్మతులలో అచట శిక్షణ నిత్తురు. ఐ.టి.ఐ.లలో డీజిల్ మెకానిక్, మోటారు వాహనముల మెకానిక్ కోర్సులు కలవు. గ్రామోద్యోగులు, గ్రామ వ్యవసాయ సహాయకులు తమ గ్రామములలో ఆసక్తి గల యువకులను గుర్తించి వీనికి పంపినచో, గుడిబండ వంటి మండలములలో చిన్న లోపమునకై లారీని దూరపు పట్టణమునకు లాగించు బాధ తగ్గును.

రైతు సోదరులారా! ఎద్దును కొనునప్పుడు మీరు పళ్లు పట్టి చూడక కొనరు. లారీ గేరు బాక్సునకును పళ్లున్నవి. పంట చేతికి వచ్చు కాలము రాకముందే, లారీ ఖాళీగ నున్నప్పుడు, ఈ వారమే నూనె బిరడాను విప్పించి చూడుడు. ఒక్క పళ్లెడు నూనె మీ లారీ లోపలి సంగతిని చాల వరకు చెప్పును.